మేకుకు లేని బండి తాళం

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది ఆరుగురు. ముందు వసారాలో మడతకుర్చీలో వెంకటప్పయ్య, ఎదురుగా నవారు మంచం మీద మధిర నుంచి వచ్చిన ఆయన బావమరిది వెంకటరామారావు, వంటింట్లో వెంకటప్పయ్య భార్య ప్రమీలారాణి, పక్కగదిలో గోడవైపు తిరిగి పడుకున్న ఆయన తల్లి సీతారావమ్మ, ఆ గది గుమ్మంలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదువుతున్నట్టు కూర్చున్న కూతురు నిర్మల. ఆరో మనిషి గోపయ్య. వసారా చివర స్తంభానికి ఆనుకుని పలుపుతాడు పేనుతున్నాడు. అతన్ని మాత్రం ఎవరూ లెక్కలో వేసుకోలేదు. రోజూ ఉండేవాడే కాబట్టి ఉన్నట్టే అనిపించలేదు. నిర్మల ఒక్కతే అతని చేతులకేసి చూస్తోంది. నార ఆ చేతుల్లో పడితే తనంతట తానే తాడైపోతున్నట్టు ఉండేది.

నిర్మలది తొమ్మిదో తరగతి. మాటలు తక్కువ. బళ్ళో లేచి పాఠం చదవమంటే గొంతు లోపలికి వెళ్ళిపోయేది. అప్పుడు పక్కనున్న బతుకమ్మ లేచి, "సార్, దానికి గొంతు నొస్తాంది" అని తనే గడగడా చదివేసేది. బతుకమ్మ గోపయ్య చిన్న కూతురు. నిర్మలకు ఊళ్ళో ఉన్న స్నేహమంతా ఆ ఒక్క పిల్ల. ఆ పిల్ల లేని రోజున నిర్మల బళ్ళో నోరు తెరవకుండానే ఇంటికి వచ్చేసేది.

ఊరు గుమ్మడివాగు. పాల్వంచ దాటి భద్రాచలం పోయే రోడ్డు మీద దిగి, అడవి అంచున లోపలికి నడవాలి. నిర్మల తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. వెంకటప్పయ్య పొలం పాలుకిచ్చి, ఖమ్మంలో ఒక విత్తనాల కంపెనీకి టూరు మనిషిగా తిరుగుతాడు. పొద్దున కల్లూరులో ఉంటే సాయంత్రం కుసుమంచిలో ఉంటాడు, మర్నాడు మధిర. ఇన్నేళ్ళూ ఆ తిరుగుడంతా రాజ్‌దూత్ మీదే. అది ఇప్పుడు ముసలిదైంది. కిక్కు కొట్టీ కొట్టీ ఆయన కుడి మోకాలు కూడా దానితోపాటే ముసలిదైంది.

ఆ రాజ్‌దూత్‌కి ఊళ్ళో ఒక మర్యాద ఉండేది. వానాకాలం వాగు నిండితే రోడ్డెక్కడానికి దారి లేదు. గోపయ్య, ఇంకో ముగ్గురు లావుపాటి వెదురు బొంగులు రెండు తెచ్చి, బండిని తాళ్ళతో వాటికి కట్టి, భుజాలకెత్తుకుని వాగు దాటించేవాళ్ళు. నడుముల్లోతు నీళ్ళలో బండి పెళ్ళికొడుకులాగా ఊగుతూ పోయేది. వెనక వెంకటప్పయ్య చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. మొదటి ఏడు ఆయన కూలి ఇవ్వబోతే గోపయ్య తీసుకోలేదు. "అక్కెరకు మాకూ ఇయ్యిర్రి, అప్పయ్యగారూ, చాలు" అన్నాడు. అప్పటి నుంచి బండి ఇంటి దగ్గర ఉన్నంతసేపూ తాళం వసారాలో గుమ్మం పక్క మేకుకు ఉండేది. ఎవరికి ప్రాణం మీదికి వస్తే వాళ్ళు వచ్చి తీసుకోవచ్చు, అడగక్కర్లేదు. గోపయ్యకు బండి నడపడం వెంకటప్పయ్యే ఎండిన వాగు ఇసుకలో నేర్పించాడు. కాన్పు కష్టమైన ఆడవాళ్ళు, పాము కరిచిన పసులకాపర్లు ఆ బండి మీదే దవాఖానాకు వెళ్ళారు. ముందు గోపయ్య, వెనక పట్టుకునే మనిషి, నడుమ రోగి.

ఇప్పుడు కొత్త బండి కొనాలి. వెంకటరామారావు వచ్చింది అందుకే. ఆయన సర్కారు కంపెనీకి ఇన్సూరెన్సు ఏజెంటు. బండి ఏదైనా పాలసీ తనే చెయ్యాలని పట్టుదల. బండి కూడా తను చెప్పిందే కొనాలని అంతకు మించిన పట్టుదల.

"బావా, నా మాట విని వంద సీసీ బండి తీసుకో. పెట్రోలు వాసన చూస్తే చాలు, పోతుంది. మధిరలో డాక్టర్లూ ప్లీడర్లూ అందరూ అవే."

"డాక్టర్లకేందయ్యా, ఇంటి నుంచి దవాఖానాకు పోయి వస్తరు. నేను నెలలో సగం రోజులు బండి మీదే బతకాలె. బుల్లెట్ అనుకో, కూసుంటే కుర్చీలో కూసున్నట్టు ఉంటది. సత్తుపల్లి దాకా పోయి దిగినా నడుము నడుములాగానే ఉంటది."

"నడుము బానే ఉంటుంది, జేబే వంగిపోతుంది."

"పోనీ ఎజ్డీ?"

"దానికి నీ మోకాలు సరిపోదు, బావా. అక్కను వెనక కూర్చోబెట్టుకుని కిక్కు కొట్టు, చూద్దాం."

వంటింట్లోంచి ప్రమీలారాణి, "నన్ను ఇందులోకి లాగకండి. నేను బస్సులోనే వెళ్తాను" అంది.

స్తంభం దగ్గర నుంచి గోపయ్య తల ఎత్తకుండా అన్నాడు. "బుల్లెట్ గొంటే గొనుర్రి, అప్పయ్యగారూ. గని వానల పొద్దు దాన్ని మొయ్యనీకె కొత్తగూడెం బాయిల కాడికెల్లి క్రేను తెప్పియ్యిర్రి."

గోపయ్య కొన్నాళ్ళు బొగ్గుబాయిలో పనిచేసి వచ్చినవాడు. అతని హాస్యంలో క్రేన్లూ, లిఫ్టులూ ఎక్కువ.

"మొయ్యడమేమిటి?" అన్నాడు వెంకటరామారావు. వెంకటప్పయ్య చెప్పాడు. బొంగుల సంగతి, తాళ్ళ సంగతి, వాగు సంగతి. వెంకటరామారావు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"రాజ్‌దూత్‌కే మా నలుగురి బుజాలు కాయలు గాసినయ్" అన్నాడు గోపయ్య. "బుల్లెట్‌కు ఆరుగురు గావాలె. ఆరుగురు నీళ్ళల్ల ఒక్క తీరు నడువరు సారూ. ఒకడు జారిండంటే బండి భద్రాద్రి రాముని కాడికి మనకంటె ముందే బోతది."

అందరూ నవ్వారు. నిర్మల కూడా పుస్తకం వెనక నవ్వుకుంది.

"మా పాలసీలో బండి రైల్లో పోతుంటే దెబ్బ తగిలితే ఇస్తామని ఉంది" అన్నాడు వెంకటరామారావు. "పడవలో పోతుంటే ఉంది. లిఫ్టులో ఎక్కిస్తుంటే కూడా ఉంది. మనుషులు మోసుకుపోతుంటే అని మాత్రం ఎక్కడా లేదు, బావా."

"మరి రాయించు."

"ఏ బండి కింద రాయించను? గోపయ్య బండి అనా?"

మళ్ళీ నవ్వులు. ఆ తర్వాత మాట ఇన్సూరెన్సు మీదికి మళ్ళింది. వెంకటరామారావు తాగేసిన కాఫీ గ్లాసులు రెండూ పక్కపక్కన పెట్టాడు. "ఇది థర్డ్ పార్టీ. చవక. నీ బండి ఎవరినైనా గుద్దితే వాళ్ళకిచ్చేది కంపెనీ ఇస్తుంది. నీ బండి తుక్కయినా, ఎవడెత్తుకుపోయినా నీ ఏడుపు నీదే. ఇది ఫుల్లు. వాళ్ళకీ ఇస్తుంది, నీ బండికీ ఇస్తుంది. టూరు తిరిగేవాడివి, అడవి దారి, ఫుల్లే చేయించు."

"మరి తేడా అంతేనా? రెండిట్లో ఇంకేమీ మెలికలు లేవుగా?"

"ఒక్కటుంది. రెండిటికీ ఒకటే. నడిపేవాడికి లైసెన్సు ఉండాలి." ఆయన చూపు గుమ్మం పక్క మేకు మీద పడింది. "ఆ తాళం ఏంటి బావా, బడ్డీకొట్టులో అరటిగెలలాగా అక్కడ వేలాడుతోంది?"

వెంకటప్పయ్య అదీ చెప్పాడు. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

వెంకటరామారావు నవ్వలేదు. "కల్లూరు అవతల ఒకాయన ఇట్లాగే పక్కింటివాడికి బండి ఇచ్చాడు. వాడికి లైసెన్సు లేదు. దార్లో ఒక పిల్లాడు అడ్డం వచ్చాడు. కంపెనీ చేతులు దులిపేసుకుంది. కోర్టు ఎవరిని కట్టమంది? బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళని. ఆయన మాగాణి అమ్మి కట్టాడు. బండి ఇచ్చిన పాపానికి. నువ్వు ఫుల్లు చేయించు, డబుల్ ఫుల్లు చేయించు, ఆ తాళం అక్కడ ఉన్నంతకాలం నీ పాలసీ చిత్తుకాగితం, బావా. ఈ పాత బండికైనా అంతే."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ప్రమీలారాణి గుమ్మంలోకి వచ్చింది. "పొలం పోతుందా, తమ్ముడూ?"

"పోవచ్చనే చెప్తున్నా."

అప్పుడు గోపయ్య లేచాడు. పేనిన తాడు చుట్ట చుట్టి మూలన పెట్టాడు. "అవ్, రూలంటే రూలే గద" అన్నాడు మామూలుగానే. "పొద్దు గూకుతాంది, నేను బోయొస్త." వెళ్ళిపోయాడు. అతను మెట్లు దిగాక గానీ అతను అక్కడే ఉండి అంతా విన్నాడన్న సంగతి ఆ ముగ్గురికీ తట్టలేదు. నిర్మల పుస్తకంలోకి వంగింది, అక్షరాలు కనపడలేదు.

"విన్నాడంటావా?" అన్నాడు వెంకటప్పయ్య.

"వింటే మంచిదే. చెప్పే బాధ తప్పింది" అంది ప్రమీలారాణి. లోపలికి పోతూ పోతూ మేకు మీది తాళం తీసుకుంది. వెంకటప్పయ్య చూశాడు. చూసి, ఖాళీ గ్లాసు తీసి అందులో ఏమైనా ఉందేమోనని వంచుకున్నాడు. ఆయన వద్దని ఒక్క మాట అంటాడేమోనని నిర్మల ఎదురుచూసింది. అనలేదు. తాళం వంటింట్లో పోపుల పెట్టెలో ఆవాల గిన్నెలోకి వెళ్ళింది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు బావా బావమరుదులు ఇద్దరూ ఖమ్మం వెళ్ళారు, షోరూముల్లో బళ్ళు చూడటానికి. రాజ్‌దూత్ కొట్టంలో ఉండిపోయింది. నిర్మల బడికి జడ వేసుకుంటూ ఉంది. రెండో జడ సగంలో ఉండగా వీధిలో అరుపులు వినిపించాయి. గోపయ్య పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు. బనీను నిండా నెత్తురు, అతనిది కాదు.

అతను ఎవరినీ పిలవలేదు. సరాసరి వసారా ఎక్కి గుమ్మం పక్కకు చెయ్యి చాపాడు. మేకు ఖాళీగా ఉంది. ఆ చెయ్యి అక్కడే గోడకు ఆనిపోయింది.

"అమ్మా" అన్నాడు లోపలికి చూసి. "తాళం. సమ్మక్కను గుడ్డెలుగు బట్టింది. ఇప్పపువ్వు ఏర్కరాబోయింది బిడ్డ. మొకమంత జీరింది. జల్దీ తియ్యమ్మా."

సమ్మక్క గోపయ్య పెద్ద కూతురు. పెళ్ళయి రెండేళ్ళు, పుట్టింటికి వచ్చి ఉంది. నిర్మలకు, బతుకమ్మకు ఇద్దరికీ కలిపి ఒకే దువ్వెనతో తల దువ్వి, పేలు చూసి, ఇద్దరినీ కలిపే తిట్టేది.

ప్రమీలారాణి వంటింటి తలుపు వెనక నిలబడిపోయింది. ఆమె రాతిగుండె మనిషి కాదు. ఇదే బండి మీద కాన్పుకు వెళ్ళేవాళ్ళకు పాత చీరలు మడతపెట్టి ఇచ్చిన మనిషి. ఈ పొద్దున మాత్రం ఆమె కళ్ళ ముందు మాగాణి ఉంది. నిర్మల రెక్క పట్టుకుని చెవిలో అంది. "తాళం నాన్న తీసుకెళ్ళారని చెప్పు. పో. దార్లో ఇంకెవరికైనా ఏమైనా అయితే మనం ఎక్కడ పెట్టి కడతాం? పో, చెప్పు."

నిర్మల కదల్లేదు. అమ్మ వెనక నుంచి నెట్టింది. గట్టిగా కూడా కాదు. గుమ్మం దాటే ఆ రెండడుగుల్లో నిర్మల అనుకుంది, ఎట్లాగూ నా గొంతు రాదు, నేను నిలబడతాను, ఆయనకే అర్థమవుతుంది అని. గొంతు వచ్చింది.

"తాళం నాన్న తీసుకెళ్ళాడు, మామా. ఖమ్మం."

ఒక్క అక్షరం తడబడలేదు. బళ్ళో ఎన్నడూ పలకనంత స్పష్టంగా పలికింది. ఆ గొంతు ఎవరిదోనని నిర్మలకే అనిపించింది.

గోపయ్య ఆమె ముఖంలోకి చూశాడు. ఒక్క క్షణమే. అతని ముఖంలో అనుమానం లాంటిది ఏదైనా కనపడితే ఆమె అక్కడే కూలబడి నిజం చెప్పేసేదేమో. కనపడలేదు.

"అవ్ గద. ఖమ్మం బొయిండు గద" అన్నాడు తనలో తను అనుకున్నట్టు. మెట్లు దిగబోతూ తన బనీను చూసుకుని, "నువ్వు లోపలికి బో బిడ్డా. రగతం జూడకు, బుగులు బడ్తవ్" అని చెప్పి పరుగెత్తాడు.

కొట్టం ముందు నుంచే పరుగెత్తాడు. లోపల రాజ్‌దూత్ ముందు చక్రం కనిపిస్తూనే ఉంది.

కాసేపటికి ఎడ్లబండి చప్పుడు వినిపించింది. ఎడ్లను ఎంత అదిలించినా ఎడ్లు ఎడ్లలాగానే నడుస్తాయి. ఆ చప్పుడు వీధి చివరికి, వాగు దిగువకు, వాగు ఇసుకలోకి వెళ్ళింది. ఇసుకలో చక్రాలు కూరుకున్నప్పుడు మనుషుల అరుపులు వినిపించాయి. ఆ ఇసుక దాటాలి, మెయిన్ రోడ్డుకు చేరాలి, అక్కడ ఏ లారీయో ఆగాలి. నిర్మల ఒక జడతో, ఒక పక్క విరబోసిన జుట్టుతో వసారాలో నిలబడే ఉంది. చప్పుడు పూర్తిగా పోయేదాకా నిలబడే ఉంది.

పక్కగదిలోంచి సీతారావమ్మ మాట వినిపించింది. ఆమె గోడవైపు నుంచి తిరగలేదు. "కోడలా, పొలం మిగిలిందా?"

వంటింట్లో పొయ్యి మీద ఏదో మాడింది.

మధ్యాహ్నం బస్సుకు వెంకటప్పయ్య ఒక్కడే తిరిగి వచ్చాడు. బావమరిది అటే మధిర వెళ్ళిపోయాడు. బస్సు దిగేచోటే ఆయనకు కబురు తెలిసింది. వాగు దాటి ఊళ్ళోకి వచ్చేసరికి బతుకమ్మ ఎదురొచ్చింది. అందరూ ఎడ్లబండితో వెళ్ళిపోతే, అక్క వెంట తనను ఎక్కించుకోలేదని పొద్దుటి నుంచీ దారిలోనే తిరుగుతోంది. ఆయన వెంటే పరుగులాంటి నడకతో వచ్చింది. వసారాలో ఉన్న నిర్మలకు గేటు దగ్గర వాళ్ళిద్దరి మాటలూ వినిపించాయి.

"పెద్దయ్యా, నన్ను గూడ దవాఖానాకు దోల్కపో. తాళం నీ తాన్నే ఉన్నదంటగా."

"నా దగ్గర ఎక్కడిదే? ఇంట్లోనే ఉంది. మీ నాయన తీసుకుపోలేదా బండి?"

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక, ఆయనకే అర్థమైంది. గేటు పట్టుకుని ఆగిపోయాడు. బతుకమ్మ ఆగలేదు. నాలుగడుగులు ముందుకు వేసి, కొట్టంలో బండిని చూసింది, మేకును చూసింది, నిర్మలను చూసింది.

"తాళం తే" అన్నాడు వెంకటప్పయ్య, ఇంటిలోకి చూస్తూ. గట్టిగా అనలేదు. ప్రమీలారాణి తెచ్చింది. తాళానికి ఆవాలు రెండు అంటుకుని ఉన్నాయి. ఆయన వాటిని చొక్కాకు తుడిచి బండి తీశాడు. ఆ రోజు రాజ్‌దూత్ ఒక్క కిక్కుకే అందుకుంది. బతుకమ్మ వెనక ఎక్కింది. ఎక్కి, వంతెన లేని ఆ వాగువైపు చూస్తూ కూర్చుంది. నిర్మల వైపు ఇంకోసారి తల తిప్పలేదు.

చీకటి పడ్డాక ఆయన వచ్చి అన్నం దగ్గర కూర్చుని చెప్పాడు. భద్రాచలం దవాఖానాలో చేర్చుకున్నారు. ప్రాణానికి ఫరవాలేదు. ఎడమ కన్ను మాత్రం తీసేశారు. "ఎప్పుడు జరిగిందని డాక్టరు అడిగాడంట. గోపయ్య చెప్పాడంట. ఆయన మళ్ళీ ఏమీ మాట్లాడలేదంట."

"జల్దీగా తీసుకెళ్తే ఉండేదా?" అంది ప్రమీలారాణి.

"నేను అడగలేదు." అన్నం ముద్ద కలిపి, కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. తాళం ఎందుకివ్వలేదని ఆయన ఎవరినీ అడగలేదు. అడిగితే, ఆ సాయంత్రం మేకు మీద నుంచి తీస్తుంటే నువ్వెందుకు ఊరుకున్నావని వాళ్ళు అడుగుతారు. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే నిర్మలకు అన్నిటికంటే బరువనిపించింది. అమ్మ తిట్టినా, నాన్న కొట్టినా ఏడవడానికి ఒక దారి ఉండేది.

బతుకమ్మ బడికి రావడం మానేసింది. పరీక్షలకు కూడా రాలేదు. నిర్మల పక్కన చోటు ఖాళీ. సారు లేపి పాఠం చదవమంటే ఆమె గొంతు మళ్ళీ ఎప్పటిలాగే లోపలికి పోయింది. నిలబెట్టి బెత్తంతో కొట్టాడు. దెబ్బలు తింటూ ఆమె అనుకున్నది ఒక్కటే. రావలసినప్పుడు రాలేదు గానీ, రాకూడనప్పుడు వచ్చింది.

కొత్త బండి వచ్చింది. బుల్లెట్ కాదు, ఎజ్డీ కాదు, చివరికి వంద సీసీ బండే. ఎర్రరంగు, ముందు బంతిపూల దండ. వెంకటప్పయ్య దాన్ని ఇంటి ముందు నిలిపి, ఎవరి ముఖంలోకీ చూడకుండా కాళ్ళు కడుక్కుంటున్నాడు. అదే వేళకు గోపయ్య దవాఖానా నుంచి బట్టల కోసం ఊళ్ళోకి వచ్చి, బండి చూసి ఆగాడు. గడ్డం పెరిగింది, మనిషి సగమయ్యాడు. అయినా బండి చుట్టూ తిరిగాడు. వంగి వెనక కడ్డీ పట్టుకుని చక్రాన్ని ఒక్క ఊపున పైకి లేపి దించాడు.

"ఇది పిల్లికూన లెక్క ఉన్నదయ్యా. ఇద్దరం జాలు దీనికి" అన్నాడు. మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. తర్వాత, "ఇన్సూరెన్సు ఫుల్లే జేపిచ్చిండ్రు గదా?" అని అడిగాడు.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఒకరి మంచి ఒకరు అడిగినట్టే అడిగాడు. వెంకటప్పయ్య తలూపాడు. కిటికీ వెనక నుంచి చూస్తున్న నిర్మల ఆ ఇనుప చువ్వలకు నుదురు ఆనించుకుంది. గోపయ్యకు తెలియదు అనుకుంది. లేదా తెలిసే ఇట్లా ఉన్నాడు. రెండిట్లో ఏది నిజమైతే తనకు కొంచెం తేలికో ఆలోచించి, ఆలోచించినందుకే మళ్ళీ సిగ్గుపడింది.

సమ్మక్కను ఇంటికి తెచ్చారని తెలిసిన రోజు నుంచి నిర్మల ఒక మాట తయారుచేసుకోవడం మొదలుపెట్టింది. బావి దగ్గర, పశువుల కొట్టంలో, ఎవరూ లేనిచోట పెదాలు కదిపి అభ్యాసం చేసుకుంది. మొదట, 'తాళం ఇంట్లోనే ఉంది, అమ్మ చెప్పమంటే అట్లా చెప్పాను' అని. రెండు రోజులకు అందులోంచి అమ్మను తీసేసింది. అమ్మ నెట్టింది గానీ మాట తనది. 'తాళం ఇంట్లోనే ఉంది, నేను అబద్ధం చెప్పాను.' ఇంకా కుదించింది. చివరికి ఆ మాట చాలా చిన్నదైంది. చిన్నదయ్యే కొద్దీ పలకడం కష్టమైంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే బయలుదేరింది. చెప్పులు లేకుండానే వచ్చానని సగం దారిలో తెలిసింది. గోపయ్య ఇల్లు ఊరి చివర, అడవి మొదట్లో. మట్టిగోడలు, పైన తాటాకు, బాయిలో పనిచేసిన రోజుల్లో కొని తెచ్చి పెట్టించిన చెక్కతలుపు. తలుపు తీసే ఉంది. లోపల చీకటిగా ఉంది. చీకట్లో మంచం కోడు ఒకటి, మంచం మీద నుంచి వేలాడుతున్న చీరచెంగు కనిపించాయి. బతుకమ్మ గడపలో కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది.

నిర్మలను చూసి చాట ఆపింది. లేవలేదు.

నిర్మల దగ్గరికి వెళ్ళి నిలబడింది. కాళ్ళు కాలుతున్నాయి. "తాళం ఇంట్లనే ఉండె" అంది.

"ఎరుకే."

"నేనే చెప్పిన, లేదని."

"గది గూడ ఎరుకే." బతుకమ్మ ఒక మెరిక ఏరి అవతల పారేసింది. "మా నాయిన ఆ దినం ఎడ్లబండి కట్టుకుంట గూడ, అప్పయ్యగారి బిడ్డ చెప్పింది, తాళం లేదు, ఉంటే ఇయ్యకుంట ఉంటరా అన్నడు. ఎడ్లబండి ఇసుకల దిగబడితే ఎవరో అన్నరు, దాచిపెట్టిన్రేమో అని. వాళ్ళ మీదికి లేచిండు. నిర్మల నోట్లె అబద్ధం రాదు, ఆ పొల్లకు మాటలే సక్కగ రావు, అబద్ధాలెట్ల ఆడతది అన్నడు."

నిర్మల ఒక అడుగు ముందుకేసింది. "మామ ఏడి? మామకు నేను చెప్త. ఇప్పుడే చెప్త."

"వద్దు."

"చెప్తనే. నాకు..."

"నీకేంది? చెప్తే నీ గుండె అల్కగైతది." బతుకమ్మ గొంతు పెంచలేదు. లోపల మంచం వైపు ఒకసారి చూసి ఇంకా తగ్గించింది. "నువ్వు చెప్పి ఇంటికి బోయి పండుకుంటవ్. మా నాయినకు? బండి గా కొట్టంలనే ఉండె, తాళం గా ఇంట్లనే ఉండె, నేను నమ్మి తిరిగొచ్చిన అని ఆయన దినాం అనుకోవాల్నా? అక్క మొకం జూసినప్పుడల్ల అనుకోవాల్నా? ఇప్పుడైతే దేవుడు జేసిండు అనుకుంటాండు. అన్నం తింటాండు. నేను చెప్పలే. నువ్వు గూడ చెప్పొద్దు."

నిర్మల నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ తయారుచేసుకున్న మాటల్లో ఇక్కడ చెప్పదగ్గది ఒక్కటీ లేదు.

"ఒసే, బతుకా" అంది చివరికి. వాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే తీరు అదే.

లోపల మంచం కిర్రుమంది. "ఎవలే?" అంది సమ్మక్క. గొంతు మారలేదు, ఇద్దరినీ కలిపి తిట్టే ఆ గొంతే.

బతుకమ్మ చాట పట్టుకుని లేచింది. గడప లోపలికి వెళ్ళి, ఒక చెయ్యి తలుపు మీద వేసింది. నిర్మలను చూడకుండా ఆమె భుజం పక్కనుంచి ఎండలోకి చూస్తూ, గోపయ్య పెద్దవాళ్ళ ముందు మాట్లాడే పద్ధతిలో, మర్యాదగా అంది.

"కూసోమనటానికి ఇంట్ల జాగ లేదు, నిర్మలమ్మగారూ. ఎండ గొడ్తాంది. పోండ్రి."

తలుపు మూసింది. లోపలి నుంచి గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.